పరదేశపు చదువునకు స్వదేశపు లెక్క

క్రీస్తుశకము 639వ సంవత్సర ప్రాంతమున చీనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చెను. కృష్ణానదీ తీరమందలి ధాన్యకటక ప్రాంతములో ఆయనకు సుభూతి, సూర్యుడు అను ఇద్దరు భిక్షువులు పరిచయమైరి. మహాసాంఘిక శాఖ ననుసరించి త్రిపిటకములను బోధించుటలో వారు దిట్టలు. వారి కొరకే హ్యూయాన్‌త్సాంగ్ అచ్చట కొన్ని నెలలు ఆగి, ఆ శాఖవారి అభిధర్మ గ్రంథములను చదువుకొనెను. ఆ భిక్షువులును ఆయన వద్ద మహాయాన శాస్త్రములను చదువుకొనిరి. ఒక దేశపు విద్యార్థి మరియొక దేశములో కొన్ని నెలలుండి, తాను కొంత నేర్చుకొని, తనకు తెలిసిన దానిని అక్కడివారికి పంచిపెట్టుటయే ఇది. నేడు విద్యార్థి వినిమయము అని పిలువబడుచున్న ఏర్పాటునకు మూలసూత్రము ఇందులోనే కలదు.

హ్యూయాన్‌త్సాంగ్ 645లో 657 గ్రంథములతో చీనాకు తిరిగిపోయెను. రాజధానిలో ఆయనకు ఘనముగా స్వాగతము లభించినది. ధాన్యకటకములో గడపిన నెలలు చదువు క్రిందికి వచ్చునా, రాదా అని ఆయనను ప్రశ్నించినవారు లేరు. ఆయన విద్యయే ఆయనకు పట్టా.

నేటి విద్యార్థి పరిస్థితి వేరు. అతడు ఒక కళాశాలలో చేరి, నిర్ణీతమైన పాఠ్యప్రణాళికను చదివి, పరీక్షలలో ఉత్తీర్ణుడై పట్టా పొందవలెను. ఆ చదువు మధ్యలో ఒక సెమిస్టరు, అనగా సుమారు అర్ధసంవత్సరము, పరదేశపు విశ్వవిద్యాలయములో చదివివచ్చిన యెడల, ఆ అర్ధసంవత్సరము అతని పట్టాలో చేరునా? లేక ఇంటికి వచ్చి అవే పాఠములను మరల చదువవలసినదేనా? పైకి ఇది కార్యాలయములలో తేలవలసిన చిన్న విషయముగా కనిపించును. కాని విద్యార్థుల వినిమయ చరిత్ర చాలవరకు ఈ ప్రశ్న చుట్టునే తిరిగినది.

దేశము మారినను మారని పాఠము

మధ్యయుగములలో యూరపునందలి విశ్వవిద్యాలయములలో ఈ చిక్కు అంతగా లేదు. బొలోన్యాలోనైనను, పారిస్‌లోనైనను, క్రాకోలోనైనను బోధన లాటిను భాషలోనే జరుగుచుండెను. అరిస్టాటిల్ తర్కము, యూక్లిడ్ రేఖాగణితము, గాలెన్ వైద్యము, రోమనుల న్యాయము - చాలవరకు అంతటను ఇవే పాఠములు. కావున విద్యార్థి ఊరు మారినను చదువు మారెడిది కాదు.

నాటి కష్టములు వేరు. పరదేశపు విద్యార్థికి దారిలో దొంగల భయము, ఊరిలో అప్పులవారి భయము ఉండెను. ఒక దేశస్థుడు అప్పు తీర్చక పారిపోయిన యెడల, అతని దేశమునుండి వచ్చిన మరియొకనిని పట్టుకొని ఆ సొమ్ము రాబట్టుకొనెడి ఆచారము ఆ కాలములో కలదు. ఎవరో చేసిన అప్పునకు అమాయకుడైన విద్యార్థి బలియగుచుండెను. 1155 ప్రాంతమున చక్రవర్తి మొదటి ఫ్రెడరిక్ ఒక శాసనము చేసి, చదువుకొరకు ప్రయాణము చేయువారికి రక్షణ కల్పించెను. ఇతరుల అప్పులకై వారిని బాధింపరాదని ఆజ్ఞాపించెను. పరదేశ విద్యార్థుల రక్షణకై యూరపులో వెలువడిన ప్రాచీన శాసనములలో ఇది ముఖ్యమైనది.

ఆ కాలపు విద్యార్థి ఎట్లు చదివెనో తెలిసికొనుటకు కోపర్నికస్ చరిత్ర చాలును. పోలండునకు చెందిన ఆయన 1491లో క్రాకో విశ్వవిద్యాలయములో చేరి, పట్టా పొందకయే 1495 ప్రాంతమున దానిని విడిచెను. 1496లో మతన్యాయశాస్త్రము చదువుటకు ఇటలీలోని బొలోన్యాకు పోయెను. అచ్చట జ్యోతిశ్శాస్త్రాచార్యుడైన దొమెనికో మారియా నొవారాతో ఆయనకు స్నేహము కలిగెను. 1497 మార్చి 9వ తేదీ రాత్రి చంద్రుడు రోహిణీ నక్షత్రమును కప్పివేయుటను కోపర్నికస్ పరిశీలించి వ్రాసికొనెను. సూర్యుడే కేంద్రమని చాటుచు 1543లో వెలువడిన తన మహాగ్రంథములో ఆయన ఈ పరిశీలనను ఉపయోగించుకొనెను. న్యాయశాస్త్రము చదువబోయిన విద్యార్థికి పరదేశములో ఖగోళము పట్టుబడినదన్నమాట.

తరువాత ఆయన 1501లో స్వదేశమునకు వచ్చి, తనను పోషించుచున్న మతసంస్థవద్ద మరి రెండు సంవత్సరముల అనుమతి పొంది, వైద్యము చదువుటకు పాదువాకు పోయెను. చివరకు 1503లో పట్టా పుచ్చుకొన్నది బొలోన్యాలో కాదు, పాదువాలోను కాదు, ఫెరారా నగరములో. ఒకచోట చదివిన చదువును మరియొకచోట ఒప్పుకొనుట ఆనాడు వింత కాదు.

ఈ స్వేచ్ఛ చిరకాలము నిలువలేదు. మతకలహములు పెరిగినకొలది, విద్యార్థులు పరదేశములనుండి అన్యమత భావములు తెత్తురని ప్రభువులు శంకించిరి. 1559లో స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్, కొన్ని విద్యాలయములలో తప్ప విదేశములలో చదువరాదని తన ప్రజలను శాసించెను. క్రమముగా లాటిను స్థానమును దేశభాషలు ఆక్రమించెను. న్యాయవాది, వైద్యుడు, ఉపాధ్యాయుడు కావలెనన్న ఆ దేశపు ప్రభుత్వము ఆమోదించిన పట్టా ఉండవలెనను నియమము వచ్చెను. పట్టా ఇట్లు దేశమునకు కట్టుబడగా, పరదేశపు చదువు పరాయి నాణెము వంటిదయ్యెను. అది మంచి వెండియే కావచ్చును; కాని మన అంగడిలో చెల్లదు.

పరదేశములకు పోవుట మాత్రము ఆగలేదు. 19వ శతాబ్దిలో అమెరికనులు జర్మనీకి, భారతీయులు బ్రిటనుకు పోయి చదివిరి. మన రసాయనశాస్త్రాచార్యుడు ప్రఫుల్లచంద్ర రాయ్ 1887లో ఎడింబరో విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టా పొందెను. కాని ఇట్టివారు తమ పట్టాను అక్కడనే పూర్తిగా సంపాదించుకొని వచ్చినవారు. ఇంటి చదువు మధ్యలో కొంతకాలము బయట చదివి, మరల వచ్చి ఇంటి చదువునే ముగించుట వేరు. అందులకు రెండు విద్యాలయములు ఒకదానినొకటి నమ్మవలెను.

ఎనిమిదిమంది విద్యార్థులు

అట్టి నమ్మకమును అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయము 1923లో పరీక్షించి చూచెను. రేమండ్ కర్క్‌బ్రైడ్ అను భాషాచార్యుడు మొదటి ప్రపంచయుద్ధములో ఫ్రాన్సులో పనిచేసినవాడు. కళాశాలలో మూడవ సంవత్సరము చదువు విద్యార్థులను ఒక ఏడాది ఫ్రాన్సుకు పంపి, ఆ ఏడాదిని పట్టాలో కలుపుకొనవలెనని ఆయన సూచించెను. విశ్వవిద్యాలయాధ్యక్షుడు వాల్టర్ హలిహెన్ దీనికి సమ్మతించెను. విశ్వవిద్యాలయ నిధులనుండి సొమ్ము రాలేదు. పియేర్ డ్యూపాంట్ వంటి ధనికులు సహాయపడిరి. అప్పటి వాణిజ్యమంత్రి హెర్బర్ట్ హూవర్ కూడ ఈ ప్రయత్నమును బలపరచెను.

1923 జులైలో ఎనిమిదిమంది విద్యార్థులు రోషాంబో అను ఓడలో బయలుదేరిరి. వేసవిలో నాన్సీ నగరమున ఫ్రెంచి భాషను సాధన చేసి, పిమ్మట పారిస్‌లోని సోర్బాన్‌లో చదివిరి. తిరిగివచ్చిన తరువాత వారి ఏడాది వృథా కాలేదు. నాలుగేండ్ల పట్టాలో ఒక ఏడాదిగా లెక్కకు వచ్చినది. ఇతర కళాశాలలు కూడ తమ విద్యార్థులను ఈ ఏర్పాటులో చేర్చినవి. 1948లో డెలావేర్ ఈ పనిని విరమించుకొనగా, స్వీట్ బ్రయర్ కళాశాల దానిని చేపట్టెను.

ఈ ప్రయోగమున ఒక లోపము కలదు. విద్యార్థులు ఒక వైపునుండి పోవుటయే ప్రధానము, ఇచ్చిపుచ్చుకొనుట తక్కువ. ధనసహాయము కూడ దాతల దయపై ఆధారపడినది. ఇరువైపుల రాకపోకలు పెద్దయెత్తున జరుగుటకు రెండవ ప్రపంచయుద్ధము ముగియవలసివచ్చెను.

యుద్ధపు మిగులు సరకు

యుద్ధము ముగియునప్పటికి అమెరికా సైన్యముల లారీలు, యంత్రములు, ఇతర సామగ్రి పరదేశములలో గుట్టలుగా పడియుండెను. వాటిని తిరిగి తెచ్చుకొనుట దండుగ. కొనదలచిన దేశములవద్ద డాలర్లు లేవు. వారు తమ సొంత నాణెములతో వెల చెల్లింపవచ్చును గాని, ఆ సొమ్ము అమెరికాలో చెల్లదు. ఆర్కన్సాస్ రాష్ట్రపు సెనేటరు విలియం ఫుల్‌బ్రైట్ దీనికొక ఉపాయము చెప్పెను. ఆ సొమ్మును ఆయా దేశములలోనే ఉంచి, విద్యార్థుల, ఆచార్యుల రాకపోకలకు వినియోగింపవలెననెను. ఆయన స్వయముగా ఆక్స్‌ఫర్డులో రోడ్స్ విద్యార్థి వేతనముతో చదివినవాడు. 1946 ఆగస్టు 1వ తేదీన అధ్యక్షుడు ట్రూమన్ ఈ చట్టముపై సంతకము చేసెను. ఫిరంగుల సామగ్రి పుస్తకముల ఖర్చుగా మారినది.

భారతదేశము 1950 ఫిబ్రవరి 2వ తేదీన ఈ ఏర్పాటులో చేరినది. మన పక్షమున ప్రధానమంత్రి నెహ్రూ, అమెరికా పక్షమున రాయబారి లాయ్ హెండర్సన్ ఒడంబడికపై సంతకములు చేసిరి. 2008లో కుదిరిన క్రొత్త ఒడంబడిక పిమ్మట ఈ విద్యార్థి వేతనములకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ అను పేరు వచ్చినది.

సొమ్ము సమస్య ఇట్లు కొంత తీరినది. కాని తిరిగివచ్చిన విద్యార్థి చదువును లెక్కించుట అను సమస్య అట్లేయుండెను. అది ఎంత కఠినమైనదో ఒక ఇటాలియను విద్యార్థిని అనుభవమువలన బయటపడినది.

రోములో ఒక కార్యాలయము

సోఫియా కొరాడి 1934లో రోము నగరమున జన్మించెను. అచ్చటి విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్రము చదువుచు, ఫుల్‌బ్రైట్ విద్యార్థి వేతనముతో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయెను. అచ్చట న్యాయశాస్త్రములో మాస్టరు పట్టా సంపాదించి 1958లో స్వదేశమునకు వచ్చెను. అమెరికాలో తాను వ్రాసిన పరీక్షలను రోములోని పరీక్షలకు బదులుగా పరిగణింపవలెనని కోరుచు కార్యాలయమునకు పోయెను. అధికారులు ఒప్పుకొనలేదు. విహారము చాలించి చదువుపై శ్రద్ధ పెట్టుమని అందరి యెదుట తనను మందలించిరని ఆమె తరువాత పలుమార్లు చెప్పెను. చేయునది లేక ఆమె తన చదువును రోములో మరల కొనసాగించి పూర్తిచేయవలసివచ్చెను.

ఇట్టి అవమానము పొందినవారు ఆమెకు ముందు పలువురు ఉండవచ్చును. ఆమె విశేషమేమనగా, దీనిని తన దురదృష్టమని తలచి మరచిపోలేదు. ఏర్పాటులోని లోపమని గ్రహించెను. అధికారి దురుసుతనము ఒక సంగతి. ఆయనకు నియమములేవియు లేకపోవుట అంతకంటె పెద్ద సంగతి. పరదేశపు పరీక్షను ఏ కొలతతో కొలువవలెనో, ఎవరు ఒప్పుకొనవలెనో ఏ పుస్తకములోను వ్రాసియుండలేదు. నియమము లేనిచోట కాదనుటయే అధికారికి సులభము.

తరువాత ఆమె ఇటలీ విశ్వవిద్యాలయాధిపతుల సంఘమునకు శాస్త్రీయ సలహాదారుగా పనిచేసెను. 1969లో ఆమె ఒక విజ్ఞాపన పత్రము తయారుచేసెను. విద్యార్థి తన విద్యాలయపు ముందస్తు అనుమతితో కొంతకాలము విదేశములో చదివిన యెడల, అక్కడి పరీక్షలను ఇంటి పరీక్షలతో సమానముగా ఎంచవలెననుట దాని సారాంశము. ఇందులో 'ముందస్తు' అను మాటయే కీలకము. తిరిగివచ్చిన పిమ్మట బ్రతిమాలుకొనుట కాదు. పోవుటకు పూర్వమే ఒప్పందము కుదురవలెను.

1976 ఫిబ్రవరిలో యూరోపియను సమాజపు విద్యామంత్రులు ఇట్టి ఉమ్మడి పాఠ్యక్రమములకు ప్రోత్సాహము నీయ నిశ్చయించిరి. విడివిడి విద్యాశాఖలు తమలోతాము ఒడంబడికలు చేసికొని విద్యార్థులను మార్చుకొనుట మొదలిడినవి. అది చిన్న ప్రయత్నమే. కాని నమ్మకము కుదురుటకు అది పునాది వేసినది.

బొమ్మల కథల విద్యార్థిని వ్యాజ్యము

పెద్ద అడుగు పడుటకు ఒక న్యాయస్థానపు తీర్పు తోడ్పడినది. ఫ్రాన్సునుండి ఒక విద్యార్థిని బొమ్మల కథలు గీయు కళను నేర్చుకొనుటకు బెల్జియములోని లీజ్ నగరమునకు పోయెను. బెల్జియను విద్యార్థులు చెల్లింపనక్కరలేని ప్రత్యేక రుసుమును పరదేశీయురాలని ఆమెను అడిగిరి. ఆమె వ్యాజ్యము వేసెను. 1985 ఫిబ్రవరి 13వ తేదీన యూరోపియను న్యాయస్థానము తీర్పు చెప్పుచు, ఒక వృత్తికి తగిన శిక్షణ నొసగు చదువు వృత్తివిద్యయే యగుననియు, అందులో సభ్యదేశముల పౌరుల మధ్య ఇట్టి భేదము చూపరాదనియు నిర్ణయించెను. విశ్వవిద్యాలయపు చదువు యూరోపియను సమాజపు పరిధిలోనికి వచ్చునా అను వాదమునకు దీనితో బలము చేకూరినది.

వెంటనే యూరోపియను కమిషను ఒక విద్యార్థి వినిమయ పథకమును ప్రతిపాదించెను. స్పెయిన్‌కు చెందిన మాన్యుయెల్ మారిన్ అప్పుడు విద్యావ్యవహారములను చూచుచుండెను. కొన్ని దేశములు ఖర్చు ఎక్కువనియు, విద్య తమ సొంత వ్యవహారమనియు అడ్డుచెప్పినవి. నిధులను మిక్కిలి తగ్గింపజూడగా, కమిషను 1986 చివర తన ప్రతిపాదననే ఉపసంహరించుకొనెను. విద్యార్థి సంఘములు కూడ ఒత్తిడి తెచ్చినవి. తుదకు 1987 జూన్ 15వ తేదీన పథకము ఆమోదము పొందినది.

దానికి ఎరాస్మస్ అని పేరు. పథకపు పొడవైన ఆంగ్ల నామములోని మొదటి అక్షరములను కూర్చగా ఆ పేరు ఏర్పడినది. అది పండితుడైన ఎరాస్మస్ పేరు కూడ. రాటర్‌డామ్ నగరపువాడైన ఆయన పారిస్‌లో చదివి, 1506లో ట్యూరిన్‌లో డాక్టరు పట్టా పొంది, కేంబ్రిడ్జిలో బోధించి, 1536లో బాసెల్ నగరములో మరణించెను.

మొదటి ఏడాది 11 దేశములనుండి 3,244 మంది విద్యార్థులు ఈ పథకము క్రింద ప్రయాణము చేసిరి. బసకాలము మూడు నెలలకు తగ్గరాదు, ఏడాదికి మించరాదు అనునది అప్పటి నియమము. పథకము నడచు తీరు సులభమైనది. విద్యార్థి తన రుసుమును ఇంటి విద్యాలయమునకే చెల్లించును. ఆతిథ్యమిచ్చు విద్యాలయము అతని వద్ద బోధన రుసుము తీసికొనదు. దానికి బదులు దాని విద్యార్థులు ఇటు వత్తురు. పరదేశములో ఉండుటవలన కలుగు అదనపు ఖర్చునకు కొంత వేతనము లభించును. అన్నింటికంటె ముఖ్యమైన షరతు, అక్కడ నేర్చిన దానిని ఇంటి విద్యాలయము లెక్కలోనికి తీసికొనవలెననుట.

చదువును కొలుచుట ఎట్లు?

షరతు వ్రాయుట సులభము, ఆచరించుట కష్టము. ఒక దేశములో రసాయనశాస్త్రము వారమునకు నాలుగు గంటల ఉపన్యాసము. మరియొక దేశములో రెండు గంటల ఉపన్యాసము, ఆరు గంటల ప్రయోగశాల. ఈ రెంటిలో ఏది ఎక్కువ? కొలుచుటకు ఒక ప్రమాణము కావలెను. పొడవునకు మీటరు, బరువునకు కిలోగ్రాము ఉన్నట్లు, చదువునకు కూడ ఒక ప్రమాణమును ఏర్పరచవలసివచ్చెను.

1989లో 145 విద్యాలయములు కలిసి అట్టి ప్రమాణమును ప్రయోగాత్మకముగా వాడిచూచినవి. వ్యాపారనిర్వహణ, రసాయనశాస్త్రము, చరిత్ర, యంత్రశాస్త్రము, వైద్యము అను ఐదు విషయములతో ప్రయోగము సాగినది. ఈ పద్ధతిలో ఒక పూర్తి సంవత్సరపు చదువు 60 క్రెడిట్లు. ఒక సెమిస్టరు 30 క్రెడిట్లు. ఇచ్చట కొలిచెడిది ఉపాధ్యాయుడు చెప్పిన గంటలు కాదు, విద్యార్థి చేసిన శ్రమ. ఏడాదిలో విద్యార్థి పని 1,500 మొదలు 1,800 గంటలని అంచనా. కావున ఒక క్రెడిట్ 25 మొదలు 30 గంటల శ్రమకు సమానము.

ఒక ఉదాహరణము చూతము. ఒక పాఠ్యాంశములో ఉపన్యాసములు 45 గంటలు, ప్రయోగశాల 45 గంటలు, ఇంటివద్ద చదువు, పరీక్షకు సిద్ధపడుట 75 గంటలు అనుకొందము. మొత్తము 165 గంటలు. 6 క్రెడిట్లకు 150 మొదలు 180 గంటలు కావున ఇది 6 క్రెడిట్ల పాఠము. ఉపన్యాసము తక్కువై ప్రయోగశాల ఎక్కువైనను, మొత్తము శ్రమ అంతే యైనచో క్రెడిట్లు అంతే.

క్రెడిట్ పరిమాణమును చెప్పును గాని గుణమును చెప్పదు. విద్యార్థి ఎంత బాగుగా చదివెనో తెలియుటకు మార్కులు కావలెను. ఇక్కడ మరియొక చిక్కు. ఫ్రాన్సులో మార్కులు 20కి, ఉత్తీర్ణతకు 10. ఇటలీలో 30కి, ఉత్తీర్ణతకు 18. జర్మనీలో 1 అన్న ఉత్తమము, 5 అన్న అనుత్తీర్ణత. ఫ్రాన్సులో 20కి 14 వచ్చినచో అది మంచి శ్రేణి. అది నూటికి 70. ఇటలీలో నూటికి 70 అనగా 30కి 21; అచ్చట అది ఉత్తీర్ణతకు కొంచెము పైన మాత్రమే. త్రైరాశికము వేసిన విద్యార్థికి అన్యాయము జరుగును.

ఫారెన్‌హీటును సెంటీగ్రేడుగా మార్చునపుడు ఇట్టి చిక్కు ఎందుకు లేదని విద్యార్థులు అడుగవచ్చును. మంచు కరగు స్థానము, నీరు మరగు స్థానము అను రెండు స్థిరబిందువులు ఆ రెండు మానములకును ఉమ్మడి. మార్కులకు అట్టి ఉమ్మడి బిందువులు లేవు. అందుచే మొదట వేరొక ఉపాయము పన్నిరి. ఉత్తీర్ణులైనవారిని వరుసగా నిలిపి, మొదటి 10 శాతము వారికి ఏ, తరువాతి 25 శాతమునకు బి, 30 శాతమునకు సి, 25 శాతమునకు డి, చివరి 10 శాతమునకు ఇ అని శ్రేణులిచ్చిరి. పదిమంది మాత్రమే ఉన్న చిన్న తరగతిలో ఈ శాతములకు అర్థము లేదని అనుభవమున తేలినది. 2009 నుండి ఈ శ్రేణులకు బదులుగా, గత సంవత్సరములలో ఏ మార్కు ఎంత శాతము మందికి వచ్చెనో పట్టికగా ప్రకటించు పద్ధతిని సూచించిరి. ఆ పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టుకొని ఇరువైపుల ఆచార్యులు పోల్చుకొందురు.

రుజువు భారము ఎవరిది?

కొలత దొరకినను, ఒప్పుకొను మనసు లేనిచో ప్రయోజనము లేదు. ఈ లోపమును సరిదిద్దిన పత్రము 1997 ఏప్రిల్ 11వ తేదీన లిస్బన్‌లో కుదిరిన ఒడంబడిక. ఐరోపా మండలి, యునెస్కో కలిసి దీనిని తయారుచేసినవి; తరువాతి కాలములో 50కి పైగా దేశములు ఇందులో చేరినవి. దీనిలోని నియమము క్లుప్తముగా ఇది: పరదేశపు చదువునకును ఇంటి చదువునకును గణనీయమైన భేదము కలదని చూపగలిగిననే తప్ప, దానిని కాదనరాదు. ఆ భేదమును రుజువుచేయు భారము కాదన్నవారిదే.

1958లో రోములో జరిగిన దానిని ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అప్పుడు తన చదువు చదువేనని రుజువుచేయు భారము విద్యార్థినిపై పడినది. 1997 నాటికి ఆ భారము బల్లకు ఆవలివైపు కూర్చున్నవారిపైకి మారినది. రెండు సంవత్సరముల తరువాత, 1999 జూన్ 19వ తేదీన, కోపర్నికస్ చదివిన బొలోన్యా నగరమందే 29 దేశముల మంత్రులు సమావేశమై, పట్టాల అంతస్తులను, క్రెడిట్లను పోల్చదగినట్లు చేయ నిశ్చయించిరి. 2019 నవంబరులో యునెస్కో ఇట్టి ప్రపంచవ్యాప్త ఒడంబడికను ఆమోదించెను. 2023 మార్చి 5న అది అమలులోనికి వచ్చినది.

ఎరాస్మస్ పథకము 2014 నుండి ఉపాధ్యాయులకు, వృత్తివిద్యార్థులకు, యువజనులకు గల ఇతర పథకములతో కలిసి విస్తృతమైనది. 2022 నాటికి, మొదటినుండి పాల్గొన్నవారందరిని కలిపి లెక్కించిన, ఒక కోటికి మించిరి. సోఫియా కొరాడి ఆచార్యపదవి నలంకరించి, 'ఎరాస్మస్ తల్లి' అని పేరు గాంచెను. 2016లో స్పెయిన్ దేశము ఆమెను ఐదవ చార్లెస్ పేరిట నెలకొల్పిన పురస్కారముతో గౌరవించినది. ఆమె 2025 అక్టోబరులో మరణించెను.

అంతయు చక్కబడినదని చెప్పరాదు. వేతనము అదనపు ఖర్చులో కొంత భాగమునకే సరిపోవును. మిగిలినది తల్లిదండ్రులు భరింపవలెను. కావున కలవారి పిల్లలు పోయినంతగా లేనివారి పిల్లలు పోలేకున్నారు. నియమము పుస్తకములో ఉన్నను, ఏదో ఒక పాఠ్యాంశమును ఒప్పుకొనని శాఖలు ఇంకను కలవు. అయినను విద్యార్థి చేతిలో నేడు ఒక కాగితము కలదు. వాదించుటకు ఒక నియమము కలదు.

మన విద్యాలయములలో

ఈ పరిణామము మన దేశమును కూడ తాకినది. 2015లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, విద్యార్థి తన అభిరుచి ననుసరించి పాఠ్యాంశములను ఎన్నుకొను క్రెడిట్ పద్ధతికి మార్గదర్శక సూత్రములను వెలువరించెను. 2021లో క్రెడిట్ల బ్యాంకు ఏర్పడినది. బ్యాంకులో సొమ్ము దాచుకొన్నట్లు విద్యార్థి తాను సంపాదించిన క్రెడిట్లను అందులో నిలువచేసికొని, అవసరమైనపుడు పట్టాకు వినియోగించుకొనవచ్చును. 2022లో వెలువడిన నిబంధనలు భారతీయ, విదేశీయ విద్యాలయముల మధ్య ఒప్పందములకు వీలు కల్పించినవి. జంటపాఠ్యక్రమములో విదేశమున సంపాదించిన క్రెడిట్లు మొత్తములో 30 శాతమునకు మించరాదు; పట్టా నిచ్చునది భారతీయ విద్యాలయమే. ఉమ్మడి పట్టాకు మాత్రము ఇరువైపులను కనీసము 30 శాతము చొప్పున చదువవలెను.

కావున ఒక సెమిస్టరు పరదేశములో చదువ నెంచు విద్యార్థికి ఉపాధ్యాయులు ముందుగా చెప్పవలసిన మాటలు మూడు. మొదటిది, తాను అక్కడ చదువబోవు పాఠ్యాంశములను, ఇంటివద్ద వాటికి బదులుగా పోవు పాఠ్యాంశములను పేరుపేరున వ్రాసి, తన విద్యాలయము, ఆతిథ్యమిచ్చు విద్యాలయము, తాను - ముగ్గురును సంతకము చేసిన పత్రమును బయలుదేరుటకు ముందే చేత పుచ్చుకొనవలెను. రెండవది, అక్కడికి పోయిన పిమ్మట పాఠ్యాంశము మారినచో ఆ మార్పును వెంటనే ఇరువైపులకు తెలిపి వ్రాయించుకొనవలెను. మూడవది, తిరిగివచ్చునపుడు క్రెడిట్లు, మార్కులు గల పట్టికను, పాఠ్యప్రణాళికను, ప్రయోగశాల వ్రాతపుస్తకమును భద్రముగా తెచ్చుకొనవలెను.

ఇవి చిన్న జాగ్రత్తలే. కాని వీటి వెనుక ఒక విద్యార్థిని పట్టుదల, ఒక న్యాయస్థానపు తీర్పు, వందలకొలది ఆచార్యుల ఓపిక కలవు. ఓడ ఎక్కుటతోనో, విమానము దిగుటతోనో పరదేశపు చదువు ముగియదు. ఇంటి విద్యాలయపు చిట్టాలో అది వ్రాయబడిన నాడే ముగియును.